పన్ను ప్రజలది, పెత్తనం ఎవరిది?

ఏటా ఆగస్టు 15న స్వేచ్ఛ, విశ్వాసం, స్వావలంబన అనే మాటలు వేదికలెక్కుతాయి. ఎక్కడివక్కడే విడివిడిగా ఉంటాయి. స్వేచ్ఛను పార్లమెంటుకు, విశ్వాసాన్ని గుడికీ మసీదుకూ చర్చికీ, స్వావలంబనను కర్మాగారాలకూ ఎగుమతులకూ పంచిపెట్టి ఊరుకున్నాం. ఈ మూడూ కలిసి ఒకే ఊరి పొలిమేరలో పరీక్షకు నిలిచిన సందర్భం తెలుగునాటే ఉంది. పాఠ్యపుస్తకాల్లో నాలుగు వాక్యాలకు కుదించుకుపోయిన 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమాన్ని నేటి పాలకులు మరోసారి తిరగేయడం మంచిది.

నేతగాళ్లూ చిన్న రైతులూ కూలీలూ ఎక్కువగా ఉన్న చీరాల, పేరాలలను మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీగా ప్రకటించింది. పన్నుల భారం ఎన్నో రెట్లు పెరిగింది. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అని జనం అర్జీలు పెట్టుకున్నా విన్నవారు లేరు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే, జీతగాడైన అధికారిని తెచ్చి పీఠం మీద కూర్చోబెట్టారు. పన్ను కట్టనన్నవారిని జైలుకు పంపారు. వారిలో ఒక మహిళ కూడా ఉన్నారు. ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. నాడు స్థానిక స్వపరిపాలన శాఖను చూస్తున్నది తెల్లదొర కాదు, తెలుగువాడైన మంత్రి పానగల్ రాజా. స్వపరిపాలన పేరుతో నడిచే శాఖే ఊరి మాట వినకపోవడం తెల్లవారితో మొదలై తెల్లవారితో పోయిన జబ్బు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

బెజవాడ కాంగ్రెస్ సమావేశాల తర్వాత గాంధీజీ చీరాల వచ్చారు. పన్ను నిరాకరించి శాంతియుతంగా శిక్షలు భరించడం ఒక దారి, ఊరే వదిలిపోవడం మరో దారి అన్నారు. ఏది ఎంచుకున్నా సొంత బలంతోనే నిలబడాలనీ, కాంగ్రెస్ సాయాన్ని నమ్ముకోవద్దనీ ముందే హెచ్చరించారు. చీరాల రెండో దారి పట్టింది. సుమారు 15 వేల జనాభాలో 13 వేలమందికి పైగా మునిసిపల్ హద్దులు దాటి, పాకలు వేసుకుని, ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండకు ఎండి వానకు తడిసి దాదాపు 11 నెలలు అక్కడే గడిపారు. తగవులు తీర్చుకోవడానికి తమ పంచాయతీని తామే ఏర్పరచుకున్నారు.

వీరిని నడిపిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో ఎం.ఏ. చదివి, అభినయశాస్త్ర గ్రంథాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడు. అలాంటి మనిషి కాషాయం కట్టిన వాలంటీర్లతో రామదండును కూర్చారు. రాముడి పేరు ఆయనకు ఎవరినో బెదిరించడానికి పనికివచ్చిన ఆయుధం కాదు. బెజవాడ సమావేశాలకు పోటెత్తిన జనాన్ని ఆ దండు క్రమంలో నిలిపింది. చీరాలలో ఇల్లూ వాకిలీ వదిలినవారికి ధైర్యమిచ్చింది. అది త్యాగం చేసేవారి విశ్వాసం. ఈనాడు మతం పేరుతో ఊరేగింపులు తీసేవారిలో ఎందరు తమ వీధి కోసం ఒక్క పూట కష్టం ఓర్చుకుంటున్నారు? ఎదుటివాడి ఇంటి ముందు డప్పు మోగించడమే భక్తి అయిపోయిన చోట ఆ పాత దండు గుర్తుకు రావడం సహజం. అయితే రాముడి పేరు పెట్టుకున్న ఉద్యమంలో రాముణ్ణి కొలవనివారికి ఎంత చోటు ఉంటుందన్న ప్రశ్న న్యాయమైనదే. అంతరాత్మ స్వేచ్ఛను 25వ అధికరణంలో వ్యక్తులందరికీ సమానంగా రాసిపెట్టిన రాజ్యాంగం ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది.

చీరాల ఓడిపోయింది. ఈ మాట దాచనవసరం లేదు. బరంపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్య ఏడాది జైలుకు వెళ్లారు. నిధులు అడుగంటాయి, చౌరీచౌరా హింస తర్వాత దేశవ్యాప్త సహాయ నిరాకరణ ఉద్యమమే ఆగింది. జనం పాత ఇళ్లకు తిరిగివచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉంది. పట్టుదల ఎంతున్నా, చేతిలో వనరులూ అధికారమూ లేని స్వావలంబన పాకల్లో పదకొండు నెలలు నిలవగలదేమో గాని తరాలపాటు నిలవదు. 2020 మే నుంచి ఆత్మనిర్భరత గురించి ఎంతో విన్నాం. చిప్‌లూ ఫిరంగులూ ఇక్కడే తయారు కావాలనడాన్ని ఎవరూ కాదనరు. కాని వీధిలైటు మార్చడానికి రాజధాని వైపు చూసే ఊళ్లతో నిండిన దేశం ఏ రకంగా ఆత్మనిర్భరం?

73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు 29 అంశాలు, పట్టణాలకు 18 అంశాలు జాబితాల్లో చేరాయి. ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. ఆచరణ చూడండి. విశాఖ మహానగరానికి 2012లో పాలకమండలి గడువు తీరితే మళ్లీ ఎన్నికలు 2021లో జరిగాయి. తొమ్మిదేళ్లపాటు ఆ నగర ప్రజలు పన్నులు కట్టారు, ఎలా ఖర్చుపెట్టాలో అధికారులు తేల్చారు. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఆరంభంలో ముగిసినా 2025 డిసెంబరు దాకా కొత్తవారు రాలేదు. మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లు రావని తెలిసీ ఈ జాప్యం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలు జరిగాక కూడా, ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద మళ్లించారంటూ పార్టీలకతీతంగా సర్పంచులు రోడ్డెక్కవలసి వచ్చింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ విషయంలో పెద్ద తేడా కనబడదు. గ్రామస్వరాజ్యం గురించి అన్ని పార్టీల ప్రణాళికలూ మాట్లాడతాయి, గ్రామం ఖాతా మీద మాత్రం సంతకం తమదే కావాలంటాయి.

కోర్టు కేసులు, రిజర్వేషన్ల లెక్కలు, వార్డుల పునర్విభజన అని ప్రభుత్వాలు కారణాలు చెబుతాయి. బీసీ రిజర్వేషన్ల శాతంపై చిక్కుముడి నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కాని గడువు ఎప్పుడు తీరుతుందో ఐదేళ్ల ముందే తెలిసిన పనికి ఆఖరి నెలలో కారణాలు వెదుక్కోవడం ఏమిటి? గడువు ముగిసేలోగా ఎన్నికలు జరిపి తీరాలని సుప్రీంకోర్టు 2006లోనే అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో స్పష్టంగా చెప్పింది. హద్దుల మార్పు, రిజర్వేషన్ల ఖరారు పదవీకాలం తీరడానికి ఆరు నెలల ముందే పూర్తికావాలనీ, లేకుంటే పాత హద్దులతోనే రాష్ట్ర ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇచ్చేయవచ్చనీ రెండు రాష్ట్రాల చట్టసభలూ ఒక్క సవరణతో తేల్చవచ్చు. ప్రజలు కట్టిన ఆస్తిపన్నులో ప్రతి రూపాయీ ఎక్కడికి వెళ్లిందో వార్డు సభలో చదివి వినిపించాలని అదే సవరణలో చేర్చవచ్చు. ఖజానాకు దీనివల్ల అదనపు భారం లేదు. వచ్చే శాసనసభ సమావేశాల్లో ఆ బిల్లు ఎవరు తెస్తారో చెప్పమని అధికార, ప్రతిపక్షాలను అడుగుతున్నాం.