"కార్డు డిటెక్ట్ కావట్లేదు" అని రాసేముందు లాగ్ తీయండి బాబూ

కోర్‌బూట్ (కంపెనీ బయాస్ బదులు వాడే ఓపెన్ ఫర్మ్‌వేర్) ఫ్లాష్ చేస్తారు, మానిటర్ నల్లగా ఉంటుంది, వెంటనే "గ్రాఫిక్స్ కార్డు డిటెక్ట్ కావట్లేదు" అని పోస్ట్. కింద ఒకరు వీజీఏ ఆప్షన్ రోమ్ (బూట్‌లో స్క్రీన్ వెలిగించే కార్డు సొంత కోడ్) ఆన్ చేయమంటారు, ఇంకొకరు ఆఫ్ చేయమంటారు. ఇక మెనూకాన్ఫిగ్‌లో, అంటే కోర్‌బూట్ సెట్టింగుల మెనూలో, గుడ్డెద్దు చేలో పడ్డట్టే. స్క్రీన్ వెలగకపోవడం వేరు, కార్డు కనపడకపోవడం వేరు. లినక్స్ డెస్క్‌టాప్ వచ్చాక బొమ్మ పడుతోందంటే కార్డు భేషుగ్గా దొరికినట్టే. ఏఎమ్‌డీ డ్రైవర్ అయితే వీడియో బయాస్ (ఆ రోమ్‌లో ఉండేదే) చేతికందితే చాలు, కార్డును తనే లేపుకుంటుంది. అక్కడ డిటెక్షన్‌ని తిట్టి లాభం లేదు.

స్క్రీన్ లేకుండా లాగ్ ఎలా అంటారా? ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో లోపలికెళ్లి, కోర్‌బూట్ లాగ్ చూపించే సీబీమెమ్ టూల్‌ని మైనస్ 1 ఆప్షన్‌తో నడపండి, చివరి బూట్ లాగ్ మొత్తం వస్తుంది. కెర్నల్ అడ్డుకుంటే దాని బూట్ ఆప్షన్ ఐఓమెమ్‌ని రిలాక్స్‌డ్‌గా పెట్టి బూట్ చేయండి. అసలు బూటే కాకపోతే సీరియల్ కేబులే గతి.

ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ బోర్డునే తీసుకోండి. ప్రాసెసర్ నుంచి వచ్చే 16 లేన్ల స్లాట్ రూట్ పోర్టు (ఆ స్లాట్‌కి ప్రాసెసర్ వైపు ద్వారం) చిరునామా బస్ 0, డివైస్ 1, ఫంక్షన్ 0. లాగ్‌లో ఆ పోర్టే లేకపోతే డివైస్‌ట్రీలో (కోర్‌బూట్‌లో ఆ బోర్డు భాగాల జాబితా) అది ఆఫ్‌లో ఉందేమో చూడండి. హోస్ట్ బ్రిడ్జ్‌లో ఆఫ్‌సెట్ హెక్స్ 54 దగ్గరున్న డివైస్ ఎనేబుల్ రిజిస్టర్‌లో బిట్ 3 దానిదే. అది సున్నా అయితే పోర్టు మాయం. ఇక కార్డు తీసి ఎన్నిసార్లు గుచ్చినా ఒకటే.

పోర్టు ఉంది, దాని వెనక బస్‌లో ఏమీ లేదు. అసలు తలనొప్పి ఇదే. రీసెట్ వదిలాక మొదటి కాన్ఫిగ్ రీడ్‌కి (నువ్వెవరని కార్డుని అడగడానికి) ముందు కనీసం 100 మిల్లీసెకన్లు ఆగాలని పీసీఐ ఎక్స్‌ప్రెస్ నిబంధన. కంపెనీ బయాస్ తాపీగా నడుస్తుంది కాబట్టి ఆ టైము దానంతటదే గడిచిపోతుంది. కోర్‌బూట్ పరిగెత్తుకొచ్చి తలుపు కొడుతుంది, లోపల కార్డు ఇంకా లేవలేదు. రీడ్‌లో అన్నీ ఎఫ్‌లే వస్తాయి, స్లాట్ ఖాళీ అని రాసేసుకుని ముందుకెళ్తుంది. పవర్ తీసి ఆన్ చేస్తే కార్డు లేదు, రీబూట్ చేస్తే ఉంది అంటే ముందు టైమింగ్‌నే అనుమానించండి. లినక్స్‌లో పీసీఐ రీస్కాన్ ఫైల్‌లోకి 1 రాసినప్పుడు కార్డు ప్రత్యక్షమైతే దాదాపు ఖాయం. బస్ వెతుకులాటకు ముందు చిన్న డిలే పెట్టి పరీక్షించండి.

కార్డు కనపడింది కానీ "రిసోర్స్ డిడ్న్ట్ ఫిట్" అని లాగ్ మొరపెట్టుకుంటే అది చోటు గొడవ. 256 ఎంబీ బార్ (కార్డు తన కోసం అడిగే అడ్రస్ చోటు) 4 జీబీ కింద ఎలాగో ఇరుకుతుంది. 8 జీబీ అడిగే రీసైజబుల్ బార్ కార్డుకు 4 జీబీ పైనే చోటివ్వాలి. 32 బిట్‌లో నడిచే పేలోడ్‌కి (కోర్‌బూట్ తన పని అయ్యాక నడిపే ప్రోగ్రామ్) ఆ ఎత్తు అందదు, అదీ గుర్తుంచుకోండి.

ఇక ఆప్షన్ రోమ్. హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి రెండు బైట్లు 55, ఏఏ ఉండాలి. మూడోది సైజు, 512 బైట్ల లెక్కన. హెక్స్ 18 దగ్గర ఉన్న పాయింటర్ పట్టుకుని వెళ్తే "పీసీఐఆర్" అనే నాలుగు అక్షరాలు, వెంటనే వెండర్, డివైస్ ఐడీలు. "పీసీఐఆర్" మొదలైన చోటు నుంచి హెక్స్ 14వ బైట్ 0 అయితే పాత బయాస్ కోడ్, 3 అయితే ఈఎఫ్ఐ. పేలోడ్‌ల్లో పాత బయాస్ తరహా సీబయాస్‌కి 0 కావాలి, యూఈఎఫ్ఐ తరహా ఈడీకే2కి 3 కావాలి. ఈఎఫ్ఐ ముక్క లేని పాత కార్డుని ఈడీకే2 కింద పెట్టి బొమ్మ రాలేదని ఏడిస్తే ఎవరేం చేస్తారు?

రోమ్‌ని నడిపేది ఒక్కరే ఉండాలి. పేలోడ్ సీబయాస్ అయితే దానికే వదిలేయండి, కోర్‌బూట్‌తో కూడా నడిపించి రెండోసారి తన్నించుకోకండి. కార్డు మీది రోమ్‌ని నడపాలా వద్దా అనేది సీబయాస్‌కి సీబీఎఫ్ఎస్‌లోని (కోర్‌బూట్ ఇమేజ్‌లో ఫైళ్లుండే చోటు) ఒక అంకె చెబుతుంది: 0 అంటే ఏదీ వద్దు, 1 అంటే వీజీఏ మాత్రమే, 2 అంటే అన్నీ. మామూలుగా 2. ఎప్పుడో 0 పెట్టి మర్చిపోయేవాళ్లు తక్కువేం కాదు.

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌ల్లో విడి జీపీయూకి సొంత రోమ్ చిప్ సాధారణంగా ఉండదు. దాని వీడియో బయాస్ కంపెనీ బయాస్ ఇమేజ్ కడుపులో ఉంటుంది. యూఈఎఫ్ఐటూల్‌తో బయటికి తీసి, వెండర్, డివైస్ ఐడీల పేరుతో సీబీఎఫ్ఎస్‌లో పెట్టాలి. ఐడీలో హెక్స్ అక్షరాలు చిన్నబడిలోనే ఉండాలి. పెద్దబడిలో రాస్తే ఫైల్ ఉన్నా లేనట్టే.

ఓపెన్ ఫర్మ్‌వేర్ అని గొప్పలు పోతూ విడి కార్డు దగ్గరికొచ్చేసరికి రోమ్ అనే ఈ మూసిన డబ్బానే నమ్ముకోవడం నాకైతే మింగుడుపడదు. రోమ్ లేకుండా స్క్రీన్ వెలిగించే ఓపెన్ కోడ్ లిబ్‌జీఎఫ్ఎక్స్ఇనిట్ ఉంది కానీ అది ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ వరకే. పైగా అది ఇంటెల్ వైపు చక్కగా స్క్రీన్ వెలిగించి ఉంటే, మీ కేబుల్ కార్డుకి గుచ్చి ఉంటుంది. ముందు కేబుల్ మదర్‌బోర్డు మీది పోర్టుకి మార్చి చూడండి.

ఇంకోటి, పని అయ్యాక "ఓకే అయింది, థ్యాంక్స్" అని మాయమవకండి. ఏ బోర్డు, ఏ కార్డు, ఏ లైన్ మారిస్తే వెలిగిందో ఆ ముక్క కూడా రాసి వెళ్లండి.