చేపనూనె గోళీ: ప్లేట్లెట్ల అతుకుడు తగ్గితే గుండెపోటు ఆగుతుందా?

వానాకాలం వచ్చిందంటే వరంగల్‌లో ఇంటింటా ప్లేట్లెట్ల ముచ్చటే. డెంగీ వార్డులో అందరి కళ్లూ సంఖ్య మీదే ఉంటాయి. గుండెజబ్బు దగ్గరికొచ్చేసరికి, రక్తం గడ్డకట్టించే ఈ కణాలు ఎంత తొందరగా ఒకదానికొకటి అతుక్కుంటున్నాయో చూడాలి. ఆ అతుకుడు తగ్గిస్తుందన్న పేరుతోనే హన్మకొండలో మందుల దుకాణాల్లో చేపనూనె గోళీలు చీటీ లేకుండా అమ్ముడుపోతున్నాయి.

ఆ పేరు ఉత్తగ రాలేదు. 1970లలో డెన్మార్క్ పరిశోధకులు బాంగ్, డైయర్‌బర్గ్ సీల్ మాంసం, చేపలు తినే గ్రీన్‌లాండ్ ఇన్యూట్లను పరీక్షిస్తే, గాయమైనప్పుడు వాళ్లకు రక్తం ఆగడానికి ఎక్కువ సేపు పట్టింది. ప్లేట్లెట్ పొరలోని అరాకిడోనిక్ ఆమ్లం నుంచి థ్రాంబాక్సేన్ ఏ2 పుట్టి, చుట్టుపక్కల ప్లేట్లెట్లను పోగేసి గడ్డ కట్టిస్తుంది. ఆ గడ్డ గుండె రక్తనాళాన్ని మూసేస్తే గుండెపోటే. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వుల్లో ఒకటైన ఈపీఏ ఆ ఆమ్లం చోట చేరితే పుట్టేది థ్రాంబాక్సేన్ ఏ3. దానికంత బలం లేదు. ఆస్పిరిన్ అయితే థ్రాంబాక్సేన్‌ను పుట్టించే ఎంజైమునే మూసేస్తుంది. ప్లేట్లెట్ బతికే 7 నుంచి 10 రోజులూ అది మళ్లీ లేవదు.

ఇంతవరకు పేచీ లేదు. ల్యాబులో కనబడ్డ మార్పునే గుండెకు రక్షణగా లెక్కగట్టడంతోనే చిక్కంతా. 1999లో ఇటలీలో గుండెపోటు వచ్చిన 11 వేల మందికి పైగా రోగులపై జరిగిన అధ్యయనంలో, రోజుకో గ్రాము ఒమేగా-3తో మరణాలు తగ్గాయి. అప్పటికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల వాడకం ఇప్పటంత లేదు. 2018కల్లా కథ మారింది. బ్రిటన్‌లో 15,480 మంది షుగర్ రోగులపై ‘అసెండ్’, అమెరికాలో 25,871 మందిపై ‘వైటల్’... రెండింట్లోనూ రోజుకో గ్రాముతో ప్రధానంగా కొలిచిన ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అమ్మేవాళ్లు చూపించేది అదే ఏడాది వచ్చిన ‘రెడ్యూస్-ఇట్’ అధ్యయనం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు ఎక్కువుండి, స్టాటిన్ వాడుతున్న 8,179 మందిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 25 శాతం తగ్గాయి. అయితే ఇచ్చింది రోజుకు 4 గ్రాముల శుద్ధిచేసిన ఈపీఏ. పోల్చడానికి రెండో గుంపుకు ఇచ్చిన మినరల్ ఆయిలే వాళ్లకు కీడు చేసిందేమోనన్న వాదన ఇంకా నడుస్తోంది. ఈపీఏ, మరో ఒమేగా-3 కొవ్వైన డీహెచ్‌ఏ కలిపి 4 గ్రాములిచ్చిన ‘స్ట్రెంగ్త్’ అధ్యయనాన్ని ఫలితం కనబడక 2020లో మధ్యలోనే ఆపేశారు. నా మటుకు నాకు ఆ 25 శాతం మీద పూర్తి నమ్మకం కుదరలేదు.

సరే, నమ్ముదాం. డబ్బా తిప్పి చూడండి. ముందువైపు పెద్దక్షరాల్లో 1000 మి.గ్రా. ఉంటుంది. వెనక సన్న అక్షరాల్లో చాలా వాటికి ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120. మిగిలింది వేరే కొవ్వు. ‘రెడ్యూస్-ఇట్’లో ఇచ్చిన ఈపీఏ మోతాదు అందాలంటే రోజుకు ఇరవైకి పైగా గోళీలు మింగాలి! ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కింద ఆహారంగా అమ్మే ఇలాంటి సప్లిమెంట్ల మీద ‘వైద్య అవసరాలకు కాదు’ అని రాయాలని నిబంధన కూడా ఉంది. దాన్ని చదివేదెవరు?

మన పాకాల, లక్నవరం చెరువుల చేపలున్నాయి కదా అంటారు. తినండి, మంచివే. కానీ ఒమేగా-3 దండిగా ఉండేది కవళ్లు, కానాగంతల వంటి సముద్రపు కొవ్వుచేపల్లో. కొర్రమీనులో అంత ఉండదు.

పెద్ద మోతాదుకు ఇంకో ఖర్చుంది. 4 గ్రాముల అధ్యయనాల్లో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పెరిగింది. ‘రెడ్యూస్-ఇట్’లో రక్తస్రావమూ కొంత ఎక్కువే కనబడింది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఆపరేషన్‌కు ముందు ఈ గోళీ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇంతకన్నా భయపెట్టేది వేరే ఉంది. ఆరోగ్యశ్రీలో స్టెంట్ వేయించుకుని వచ్చినాయన, ‘ఇది నేచురల్, సైడ్ ఎఫెక్ట్ లేదు’ అన్న మాట పట్టుకుని ప్లేట్లెట్లు అతుక్కోకుండా ఆపే క్లోపిడోగ్రెల్ మందు మానేసి చేపనూనె మొదలుపెడితే, ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదముంది.