ఆ ఫార్వర్డ్ ఇంక పంపకండ్రా

"గేముల్లో అమ్మాయిల బట్టల మీద ఏడ్చేవాళ్లకు గేమింగే తెలీదు" అని మొదలయ్యే మెసేజ్ ఈ వారం మా భీమవరం కాలేజీ గ్రూపులో, పాలకొల్లు కజిన్స్ గ్రూపులో, ఆఖరికి రొయ్యల రేట్లు పెట్టుకునే గ్రూపులో కూడా తిరిగింది. పంపినవాళ్లు చివరిదాకా చదివి ఉండరు. నేను చదివాను, నా ఖర్మ. వీడియో గేముల్లో ఆడ పాత్రలకి ఈ అరకొర బట్టలేంటని అడిగేవాళ్లకి అందులో ఇచ్చిన జవాబులు ఇవీ.

మగ పాత్రలకీ చొక్కాలుండవట. గాడ్ ఆఫ్ వార్ గేము హీరో క్రేటోస్‌కి లేదు, నిజమే. కెమెరా ఎప్పుడైనా అతని నడుము చుట్టూ తిరిగిందా? సరే, తర్వాతది.

నిండుగా బట్టలేస్తే గేమ్ అమ్ముడుపోదట. 2017 నాటి హొరైజన్ జీరో డాన్‌లో హీరోయిన్ ఏలోయ్ ఒళ్లంతా కప్పుకునే తిరుగుతుంది, 2 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయాయి.

నాకు ఒళ్లు మండింది మూడో పాయింటుకి: "అది కథకి అవసరం, క్వయట్‌ని చూడండి." 2015లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5 గేములో ఈ క్వయట్ ఒక స్నైపర్, అంటే దూరం నుంచి గురిచూసి కాల్చే మనిషి. అఫ్ఘానిస్తాన్ కొండల్లో, యుద్ధం మధ్యలో, బికినీ టాపు, చిరిగిన మేజోళ్లు! ఏమంటే, ఒళ్లు కాలిపోయాక పరాన్నజీవులతో వైద్యం చేశారు కాబట్టి చర్మంతోనే ఊపిరి పీలుస్తుందట, కప్పితే ఊపిరాడదట. బాబూ, ఆక్సిజన్ కబుర్లు రొయ్యలకి ఊపిరాడాలని నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లకు రాత్రంతా చెరువు గట్టున కాపలా పడుకునేవాళ్లకా చెప్తారు? ఇదే సిరీస్‌లో 2004 నాటి మూడో గేములో ది ఎండ్ అనే ముసలి స్నైపర్ ఉన్నాడు, ఒంట్లో అలాంటి పరాన్నజీవులే, ఎండతో బలం పుంజుకుంటాడు, అయినా నిండుగా బట్టలేసుకుని అడవిలో కునుకు కూడా తీస్తాడు. ముసలాయనకి ఆడిన ఊపిరి పిల్లకే ఆడలేదన్నమాట. పోనీ, హెలికాప్టర్‌లో కెమెరా ముందు ఆమె ఒళ్లు విరుచుకోవడం కథలో ఏ మలుపో ఆ మేధావే చెప్పాలి. అసలు డైరెక్టర్ హిడియో కొజిమానే 2013లో ట్విటర్‌లో, ఈ పాత్రను ఇంకా ఎరోటిక్‌గా గీయమన్నానని రాసుకున్నాడు, గొడవయ్యాక "సెక్సీ అనాల్సింది" అని సర్దుకున్నాడు. ఆయనే చెప్పాక మీ లాయర్‌గిరీ ఎందుకు?

బట్టలు తక్కువుంటే చాలు తప్పే అని మాత్రం నేననను. 2009 నాటి బయోనెట్టా గేములో అదే పేరున్న హీరోయిన్‌కి జుట్టే బట్టలు, పెద్ద దెబ్బ కొట్టినప్పుడల్లా అవీ తగ్గుతాయి. ఆ పాత్రను గీసింది మారి షిమజాకి అనే మహిళ. నాకా గేమ్ పిచ్చి ఇష్టం. ఆడకుండానే తిట్టేవాళ్లున్నారని ఆ మెసేజ్‌లో అన్న మాటా నిజమే, ఉన్నారు.

ఇక "అమ్మాయిలు ఎలాగూ గేములు ఆడరు" అట. మా పిన్ని కూతురు రోజూ ఫోన్లో బీజీఎంఐ అనే కాల్పుల గేమ్ ఆడుతుంది, మగ పేరుతో, మైక్ ఆపేసి. ఆన్ చేస్తే చాలు, గేములో బతికుండే చోటు (జోన్) మూసుకుపోతున్నా పట్టదు, "ఏ ఊరు, ఇన్‌స్టా ఐడీ చెప్పు" అని నలువైపులా అదే గోల.