పెరుగన్నం వడ్డించని విందు

శ్రీకాకుళం,
రాత్రి పదకొండున్నర.

ఫోను తెర మీద వేలు జరిపేకొద్దీ కొత్తవి తెచ్చిపెట్టే మహారాజశ్రీ అంతులేని స్క్రోల్ గారి దివ్యసముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనవసరం లేదు, మా విద్యార్థుల కళ్ల కింది నలుపు చూస్తే తెలుస్తూనే ఉంది.

నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే మేష్టారిని. ఉదయం మొదటి పీరియడ్ నాది. టైంటేబుల్లో అలాగే రాసి ఉంది మరి. మొన్న భ్రమణ చలనం చెబుతుంటే ముందు బెంచీ కుర్రాడి బొటనవేలు నోటుపుస్తకం మీద కింది నుంచి పైకి, మళ్లీ కింది నుంచి పైకి జరుగుతోంది. పాపం, పాఠం మారుతుందేమోనని చూస్తున్నాడు. పావు నిమిషానికొక కొత్త ముఖం కనిపించాలి వాడికి. నాకున్నది ఒకటే ముఖం, అదీ పాతబడింది.

రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావని అడిగాను. "పదింటికే సార్" అన్నాడు. అబద్ధం కాదు. పడుకున్నది పదింటికే, నిద్రపోయింది మూడింటికి. పడుకోవడానికీ నిద్రపోవడానికీ మధ్య ఐదు గంటల ఎడం సృష్టించిన ఘనత తమరిదే.

తమరి జాతకమూ తిరగేశాను. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ తమరిని పుట్టించాడు. అంతకుముందు పేజీ అడుగుకు చేరితే, తరువాతిది నొక్కాలా వద్దా అని మనిషి ఒక్క క్షణం ఆగేవాడు. తమరి రాకతో ఆ క్షణం పోయింది. కన్నవాడే తరువాత బహిరంగంగా చెంపలు వేసుకున్నాడు. మా భోజనాల్లో పెరుగన్నం అని ఒకటుంటుంది. అది విస్తట్లో పడిందంటే ఇక లేవాలని చంటివాడికీ తెలుసు. తమరి పంక్తిలో పులిహోర వెనక బూరె, బూరె వెనక మళ్లీ పులిహోర. పెరుగు గిన్నె వంటింటి గడప దాటదు.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు వైద్యులు. ఆ వయసులో నిద్ర ఎలాగూ ఆలస్యంగానే వస్తుంది. అలా వచ్చినదాన్ని కూడా తమరు కళ్లెదుట దీపం పట్టుకుని గుమ్మంలోనే నిలబెడుతున్నారు. విన్న పాఠాన్ని మెదడు సర్దిపెట్టుకునేది నిద్రలోనే. నేను మూటలు దించి వెళ్తాను, సర్దే వేళకు ఇంట్లో తమరుంటారు.

మా పక్కనే అరసవల్లి. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు తొలి కిరణాలు గర్భగుడి దాకా వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. ఆ సూర్యోదయాన్ని మా పిల్లలు చాలామంది దర్శించుకున్నారు. అర్ధరాత్రి, దుప్పటి కింద, తమరి దయవల్ల.

మనవి ఒక్కటే. రేపు మొదటి పీరియడ్‌కు తమరు కూడా దయచేయండి. వెనక బెంచీలో చోటు ఉంచుతాను. నలభై ఐదు నిమిషాలూ జడత్వ భ్రామకం ఒక్కటే చెబుతాను. తమరు ఎంతసేపు మేలుకుని ఉంటారో చూద్దాం.

ఇట్లు,
మొదటి పీరియడ్ మేష్టారు