200 గంటల కాపురం

పాలమూరుకు వలస కొత్త కాదు. వలస పోవడానికి మనమే ఎదురు డబ్బు కట్టడం మాత్రం కొత్త.

పూర్వం గుంపు మేస్త్రీ ఇంటికి వచ్చేవాడు. అడ్వాన్సు చేతిలో పెట్టి, ఆలుమగలిద్దరినీ లారీ ఎక్కించి, ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి తోలుకెళ్లేవాడు. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక ఆ మట్టి మోసిన తలల్లో పాలమూరు తలలు ఉన్నాయి. సరిగ్గా ఆ ఏడాది జూన్‌లోనే అమెరికాలో సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానం మొదటిసారి గాలిలోకి లేచింది. ఈ రెండు సంగతులను ఒక్కచోట ముడివేసిన చరిత్రకారుడు నాకు తెలిసి లేడు కాబట్టి ఆ భారం నేనే మోస్తున్నాను. ముడి పేరు మా బావమరిది.

అతనికి హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం, మహబూబ్‌నగర్‌లో సొంతిల్లు, లెక్కల టీచరైన భార్య, నాలుగేళ్ల కూతురు ఉన్నారు. మనిషికి ఇంకేం కావాలి అని మనం అనుకుంటాం. అతనికి ఇరవై తొమ్మిదో ఏట ఆకాశం కావాలనిపించింది. భూమి అమ్మితే గాని ఆకాశం రాదు గనుక భూత్పూర్ దగ్గరి రెండెకరాలు వెళ్లిపోయాయి. గుంపు మేస్త్రీ స్థానంలో ఇప్పుడు గాజు తలుపుల ఆఫీసులో ఒక సలహాదారు కూర్చుని ఉంటాడు. ఆయన కూడా అడ్వాన్సు మాటే మొదట ఎత్తాడు. ఇచ్చేది ఎవరు అన్నదొక్కటే తేడా.

పైలట్ శిక్షణకు వెళ్లింది అమెరికాలోని అరిజోనాకు. ఎం-1 వీసా మీద వెళ్లినవాడు చదవాలే గాని సంపాదించకూడదు. భార్య ఎం-2 మీద వెంట వెళ్లవచ్చు, ఆమె కూడా సంపాదించకూడదు. ఇద్దరూ సంపాదించకుండా కలిసి ఉండటమా, ఒకరు సంపాదిస్తూ విడివిడిగా ఉండటమా? ఈ ప్రశ్నకు మన బ్యాంకులు ఏనాడో జవాబు చెప్పేశాయి. ఆమె ఇక్కడే ఉండిపోయింది.

మన పౌర విమానయానాన్ని అదుపు చేసే డీజీసీఏ నియమాలు చాలా గట్టివి. కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే 200 గంటలు ఎగిరి ఉండాలి. ప్రతి గంటా లాగ్‌బుక్కులో ఎక్కాలి. ఏ విమానం, ఎక్కడి నుంచి ఎక్కడికి, పగలా రాత్రా అన్నీ రాయాలి. రాయని గంట ఎగరని గంటతో సమానం. ఇంత ముందుచూపు గల వ్యవస్థ, ఆ 200 గంటలకు ఇంటి దగ్గర పడే గంటల సంగతి ఎందుకు మరిచిందో నాకు అర్థం కావడం లేదు. కుటుంబ సభ్యులకు కూడా లాగ్‌బుక్కు తప్పనిసరి చేయాలని ఇందుమూలంగా సవినయంగా విన్నవించుకుంటున్నాను. నమూనా పద్దులు కొన్ని సమర్పిస్తాను.

ఆ 200లో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే బండి బాధ్యత మొత్తం తన నెత్తినే వేసుకుని ఎగరాలి. పెళ్లయిన ఆరేళ్లలో ఇంట్లో మా వాడికి ఈ పద్దు కింద ఉన్నది సున్నా. గ్యాస్ బుక్ చేయడం కూడా కో-పైలట్ హోదాలోనే జరిగేది. ఆమె సంగతి వేరు. మా వాడికి సోలో, అంటే ఒంటరిగా ఎగిరే అవకాశం, ఇచ్చేముందు పక్కన శిక్షకుడు కూర్చుని, పదిసార్లు దింపించి, పదిసార్లు లేపించి, నమ్మకం కుదిరాకే దిగిపోయాడు. మా చెల్లెలికి (బావమరిది భార్య నాకు చెల్లెలి వరుస) ఆ భాగ్యం లేదు. శంషాబాద్‌లో అతను అద్దాల అవతలి నుంచి చెయ్యి ఊపాడు, ఇవతల ఆమె సోలో మొదలైంది. మొదటి నెలలోనే బోరు మోటారు కాలింది, మామగారి షుగరు పెరిగింది, స్కూలు ఫీజు గడువు దాటింది. ఒక్క ఇంజనుతో అన్నిటినీ దించింది. చప్పట్లు కొట్టినవాళ్లు లేరు.

అక్కడ అతని సోలోకు మాత్రం వేడుక జరిగింది. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాడి చొక్కా వెనక భాగం కత్తిరించడం అమెరికాలో శిక్షకుల ఆచారం. చిరిగిన చొక్కాతో నవ్వుతున్న ఫొటో పంపాడు. మా అత్తమ్మ ఫోను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. “రెండెకరాలు అమ్మి పంపితే వాడికి ఒంటి మీద సరైన బట్ట లేదు” అని ఆ పూట రొట్టె ముట్టలేదు. కొడుకు ఎగిరే రోజు గాలి నెమ్మదించాలని కురుమూర్తి స్వామికి మొక్కింది కూడా ఆమే. కార్తీక మాసం జాతరలో ఉద్దాల (స్వామి పాదుకల) దర్శనం చేసుకుని వచ్చి, “గాలి సంగతి స్వామికి చెప్పాను, చొక్కా సంగతి కూడా చెప్పాను” అంది.

ఇక కాలం సంగతి. అరిజోనా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఎండాకాలం అక్కడ మధ్యాహ్నం వేడికి గాలి పలచబడి రెక్కకూ ఇంజనుకూ బలం తగ్గుతుంది కనుక శిక్షణ విమానాలు తెల్లవారకముందే లేస్తాయి. పాలమూరు ఎండలో పుట్టినవాడికి ఎండ అంటే భయపడటం నేర్పడానికి అంత డబ్బు కట్టామని మామయ్య బాధ. ఏమైనా, అతను తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే ఇక్కడ సాయంత్రం నాలుగున్నర, స్కూలు బస్సు వచ్చే వేళ. అతను దిగి, చెమట తుడుచుకుని ఫోను చేసేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిది. పాప కళ్లు మూతలు పడుతుంటాయి. రాత్రి ఎగరడం 5 గంటలు చాలంటుంది డీజీసీఏ. మా చెల్లెలి రాత్రి పద్దు మొదటి వారంలోనే దాటిపోయింది.

అన్నిటికంటే నాకు నచ్చినది ఇన్‌స్ట్రుమెంట్ పద్దు. ఇందులో శిష్యుడి తలకు ఒక ముసుగు లాంటిది తగిలిస్తారు. బయట ఆకాశం, నేల ఏదీ కనిపించదు. ముందున్న ముళ్లనే నమ్మి ఎగరాలి. 10 గంటలు చేస్తే చాలు. మా వాడు ఇంటి విషయంలో పద్నాలుగు నెలలు ఇదే చేశాడు. అరచేతిలోని అద్దంలో ముగ్గురు నవ్వుతూ కనిపించేవారు, అంతా బాగుందని ముల్లు చూపించేది. పాపకు డెంగీ వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ముల్లు కదలలేదు. చెల్లెలు వార్డు గోడ కనపడకుండా వెనక దుప్పటి పట్టించి మాట్లాడింది. దుప్పటి పట్టుకున్నది నేను. విమానంలోని ముల్లు ఇంత నమ్మకంగా అబద్ధమాడదు.

ఆ అద్దం నుంచి పాపకు దక్కింది భాష. రేడియోలో వినికిడి తప్పు రాకుండా పైలట్లు అంకెలను ఒత్తి పలుకుతారు. త్రీని ట్రీ అంటారు, ఫైవ్‌ను ఫైఫ్ అంటారు, నైన్‌ను నైనర్ అంటారు. తండ్రి అక్కడ గట్టిగా వల్లె వేస్తుంటే ఇక్కడ మంచం మీద పడుకుని పాప వల్లె వేసింది. కొద్ది రోజులకు స్కూలు డైరీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం వచ్చింది: “పాప అంకెలు తప్పుగా పలుకుతోంది, ఇంట్లో దిద్దగలరు.” లెక్కల టీచరు సంతకం పెట్టి పంపింది. అన్నానికి పిలిస్తే పాప “స్టాండ్‌బై” అంటుంది, పైలట్ల భాషలో కాస్త ఆగమని. నానమ్మ దాన్ని పదార్థం పేరనుకుని అది వండటం తనకు రాదని చెప్పింది.

బంధువుల గురించి ఎక్కువ రాయను. క్రాస్ కంట్రీ పద్దు వాళ్లది. 300 నాటికల్ మైళ్లు, అంటే 555 కిలోమీటర్లు, మధ్యలో రెండు వేరు వేరు చోట్ల దిగుతూ ఒంటరిగా వెళ్లిరావాలని నియమం. మా వాళ్లు నారాయణపేట నుంచి నాగర్‌కర్నూల్ దాకా అన్ని ఇళ్లలోనూ దిగుతూ ఈ వార్త మోశారు. “ఎన్ని గంటలయ్యాయి?” అని పత్తి దిగుబడి అడిగినట్టు అడిగేవారు. 140 అంటే, “మొన్న కూడా అంతే అన్నారే” అనేవారు. వాన, మరమ్మతుకు వెళ్లిన విమానం, దొరకని పరీక్షాధికారి... ఏడాది అన్నది పద్నాలుగు నెలలైందని వాళ్లకు ఎవరు చెప్పగలరు? తిరిగొచ్చాక కూడా ఇక్కడ డీజీసీఏ పరీక్షలు రాసి 70 శాతం తెచ్చుకోవాలని, ఆపైన పెద్ద విమానానికి వేరే టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) కావాలని చెబితే, దేవరకద్ర దగ్గర విమానాశ్రయం వచ్చేదాకా ఆగినా సరిపోయేది కదా అని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు.

వీటన్నిటి మధ్య మామయ్య ఒక్కరే ఏమీ అడగలేదు. ఆయన ఆర్టీసీలో రిటైరైన డ్రైవరు. బొంబాయికి పోయే వలస జనాన్ని ఏళ్ల తరబడి రాత్రంతా మోసినవాడు. లాగ్‌బుక్కు గురించి నేను గొప్పగా వివరిస్తే విని, “డ్యూటీ గంటలు డిపో రాసుకుంది. ఇంట్లో లేని గంటలు ఎవరూ రాసుకోలేదు” అని తువ్వాలు దులుపుకుని లేచాడు. నా ప్రతిపాదనకు ఇంతవరకు దొరికిన మద్దతు ఇదొక్కటే.

మొన్న అతను వచ్చాడు. శంషాబాద్‌లో సామాను డిక్కీలో సర్ది, అలవాటు కొద్దీ కారు ఎడమ తలుపు తీసి కూర్చున్నాడు. విమానంలో కెప్టెన్ కూర్చునేది ఎడమ వైపే, అరిజోనాలో స్టీరింగు కూడా ఎడమ వైపే. మన కారులో అక్కడ ఏమీ ఉండదు. చేతులు ఎక్కడ పెట్టాలో తోచక చూస్తుండగా కుడి తలుపు తీసుకుని అతని భార్య ఎక్కింది, అద్దం సరిచేసుకుంది, బెల్టు పెట్టుకో అంది. ఆమెకు కారు రాదన్న సంగతే అతనికి తెలిసినంతలో చివరి సమాచారం.

షాద్‌నగర్ దాటాక నీళ్ల సీసా కోసం ముందు అర తెరిచాడు. అందులో అట్ట మాసిన పాత నోటుబుక్కు ఉంది. మామయ్య చేతిరాత. స్కేలు పెట్టి గీసిన గళ్లు, తేదీ, ఎక్కడి నుంచి, ఎక్కడికి, పగలు, రాత్రి. మొదటి పేజీలో స్టేడియం గ్రౌండు చుట్టూ ఇరవై నిమిషాలు. తర్వాత పిల్లలమర్రి, జడ్చర్ల, మన్యంకొండ. ఒకచోట, రాత్రి 11.40, ఆసుపత్రి, ఒంటరిగా అని ఉంది. ఆ తేదీకి తాను ఎక్కడ ఎగురుతున్నాడో లెక్క వేసుకుంటూ వేలు అక్కడే ఉంచాడు.

“ఏం చూస్తున్నావు?” అంది ఆమె, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

చివరి వరుసలో ఆనాటి తేదీ, మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్, రాను పోను అని ముందే రాసి ఉంది. గంటల గడి మాత్రం ఖాళీగా ఉంది.