మాట ఆలస్యమైతే ముద్దాయి తెలుగేనా?

ఏడాదిన్నర దాటినా బిడ్డ నోట 'అమ్మ', 'అత్త' తప్ప మరో మాట రాకపోతే ఇంట్లో మొదలయ్యే సలహాల వాన మనకు కొత్తది కాదు. వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయని నాయనమ్మ అంటుంది, వస కొమ్ము అరగదీసి నాకించలేదా అని పక్కింటావిడ అడుగుతుంది, నాలుక కింద తీగ కోయించమని మేనత్త ఫోన్ చేస్తుంది, మగపిల్లలు అంతేలెమ్మని మిగిలినవాళ్లు సర్దిచెబుతారు. ఇప్పుడు వీటి సరసన మరో సలహా వచ్చి కూర్చుంది. ఇది చుట్టాలు ఊరికే చెప్పేది కాదు, ఫీజు పుచ్చుకొని కాగితం మీద రాసిచ్చేది: 'ఇంట్లో తెలుగు ఆపేయండి, బిడ్డతో ఇంగ్లీషులోనే మాట్లాడండి.' ఈ మాట విన్న రోజే తల్లిదండ్రులు ఆ ఫైలు పట్టుకొని మరో నిపుణుడి దగ్గరకు వెళ్లాలని నా వాదన.

ఆందోళన అనవసరమని నేను చెప్పడం లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2022లో సవరించిన పట్టిక ప్రకారం 18 నెలలకు అమ్మానాన్నల పిలుపులు కాక మూడు మాటలైనా అనడానికి ప్రయత్నించడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనడం, రెండున్నరేళ్లకు సుమారు 50 మాటలు రావాలి. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది తమంతట తామే అందుకుంటారన్నది నిజం, ఎవరు అందుకుంటారో ముందుగా చెప్పడం కష్టమన్నదీ అంతే నిజం. కాబట్టి 'ఆగి చూద్దాం' అన్న డాక్టరును దాటి ఇంకొకరిని అడగడం అతి చేయడం కాదు. అయితే రెండో అభిప్రాయం దేని మీద అడుగుతున్నామన్నది ముఖ్యం.

మా దగ్గరి బంధువుల అమ్మాయి, అల్లుడు కొండాపూర్‌లో ఉంటారు. వాళ్ల బాబుకు రెండేళ్ల రెండు నెలలు నిండినప్పుడు ఒక థెరపీ కేంద్రంలో చూపించారు. యాపిల్, బాల్, క్యాట్ బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపించి పేర్లు అడిగితే వాడు మూడింటికి బదులిచ్చాడు. రిపోర్టులో 'మూడు మాటలు' అని రాసి, రెండు భాషలతో బిడ్డ గందరగోళపడుతున్నాడు కనుక ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే ఉండాలని చెప్పి పంపారు. తల్లి అప్పటికే వంటింటి క్యాలెండరు వెనక ఒక జాబితా రాసుకుంటోంది. బువ్వ, లాల, కాకి, తాత, వద్దు, పో... మొత్తం 31. ఆ వయసుకు 31 కూడా తక్కువే, ఆలస్యం ఉన్న మాట వాస్తవమే. కానీ మూడు మాటల బిడ్డ వేరు, ముప్ఫై ఒక్క మాటల బిడ్డ వేరు. ఆ జాబితాను అక్కడ ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత వారానికి నేను వాళ్లింటికి వెళ్లాను. జనగామ నుంచి వచ్చిన అమ్మమ్మ పప్పన్నం గిన్నెతో బాల్కనీలో కూర్చొని ఉంది. పిట్టగోడ మీద కాకి వాలింది. వాడు దాన్ని వేలితో చూపించి, ఆవిడ ముఖంలోకి చూసి, ఆగాడు. ఆవిడ నోరు తెరిచింది, లోపలున్న కూతురి వైపు ఒకసారి చూసింది, మూసేసింది. ముద్ద మాత్రం నోటికి అందించింది. కాకి ఎగిరిపోయింది.

బిడ్డ వేలు చూపడం, పెద్దల ముఖంలోకి చూడటం, బదులు కోసం ఆగడం - భాష లోపలికి వెళ్లే గుమ్మం సరిగ్గా అదే. థెరపీ గదిలో ఆ ఒక్క క్షణం రప్పించడానికి గంటలు పడుతుంది. ఇంట్లో అది రోజుకు వంద సార్లు ఉచితంగా వస్తుంటే, ఆ వంద సార్లూ పెద్దావిడ నోరు కట్టేసింది ఆ సలహా. ఇక తల్లిదండ్రుల ఇంగ్లీషు సంగతి చూద్దాం. ఆఫీసులో ఎంత ధారాళంగా మాట్లాడేవారైనా, బిడ్డను బుజ్జగించే, బెదిరించే, ఏడిపించి నవ్వించే ఇంగ్లీషు చాలామందికి రాదు. 'కమ్', 'ఈట్', 'నో' దగ్గర సంభాషణ ఆగిపోతుంది. చివరికి ఆ ఇంట్లో బిడ్డతో ఎడతెరిపి లేకుండా ఇంగ్లీషు మాట్లాడేది ఫోను ఒక్కటే అవుతుంది. ఏడాది వయసు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మనం తెలుగు మాన్పించి ఆ తెరకే దారి తీస్తున్నాం. రంగుల పేర్లన్నీ ఇంగ్లీషులో అప్పజెప్పి, దాహమేస్తే మాత్రం నీళ్లు అడగలేని పిల్లలు మన అపార్టుమెంట్లలో ఎందరున్నారో చూస్తూనే ఉన్నాం.

ఆ అమ్మాయి చివరకు సికింద్రాబాదులో తెలుగు తెలిసిన ఆడియాలజిస్టు (వినికిడి నిపుణురాలు) దగ్గరకు వెళ్లింది. ఆవిడ మొదట చూసింది భాషను కాదు, చెవులను. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి ఉంది. పుట్టినప్పుడు వినికిడి పరీక్షలో అంతా బాగానే ఉందన్న ధైర్యంతో మొదటి కేంద్రంలో ఆ ఊసే ఎత్తలేదు. జలుబులు తరచూ పట్టే పిల్లలకు తర్వాత వచ్చే ఇబ్బంది ఇది, పుట్టినప్పటి పరీక్ష దీన్ని పట్టలేదు. మన తల నీటిలో మునిగి ఉండగా బయట ఎవరో మాట్లాడుతుంటే ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి, ఆ బిడ్డకు తెలుగైనా ఇంగ్లీషైనా అలాగే వినిపిస్తోంది. నేరం చెవిలో ఉంటే శిక్ష తెలుగుకు పడింది.

రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్నది నిపుణుల నోట వినిపించినా పరిశోధన ఒప్పుకోని మాట. బార్బరా పియర్సన్ బృందం 1993లో ప్రచురించిన మయామీ అధ్యయనం ఇంగ్లీషు, స్పానిష్ వినే పసివాళ్ల మాటలను రెండు భాషల్లోనూ కలిపి లెక్కించింది. అలా లెక్కిస్తే వాళ్లు ఒక్క భాష పిల్లలకు తీసిపోలేదు. ఒక్క భాషలోనే లెక్కిస్తే ద్విభాషా బిడ్డ వెనకబడినట్టు కనిపించవచ్చు. మరి నిజంగానే ఇబ్బంది ఉన్న పిల్లల మాటేమిటి? డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద కెనడాలో ఎలిజబెత్ కే-రెయినింగ్ బర్డ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషల మధ్య పెరిగినవారు ఇంగ్లీషులో ఒక్క భాష వారికంటే తగ్గలేదు, రెండో భాష వారికి అదనంగా దక్కింది.

లెక్కింపు గురించి ఇంకో మాట ఉంది, నాకు దీని మీదే ఎక్కువ పట్టుదల. ఇంగ్లీషు బిడ్డ 'మోర్ మిల్క్' అంటే రెండు మాటలు కలిపాడని పట్టికలో టిక్కు పడుతుంది. తెలుగు బిడ్డ 'రాను' అంటాడు. ఆ రెండక్షరాల్లో క్రియ ఉంది, నిరాకరణ ఉంది, చెబుతున్నది తానే అన్న ఎరుకా ఉంది. ఇంగ్లీషులో ఇదే చెప్పడానికి నాలుగు మాటలు కావాలి. 'పాలొద్దు' ఒక మాటా, రెండా? సంధి కలిపి రాసుకునే మనకే తేలని లెక్క ఇది. 'అమ్మది' అన్నవాడు వస్తువును చూసి దాని యజమానిని చెబుతున్నాడు, పట్టికలో మాత్రం అది ఒక్క మాటే. అలాగని 'రాను' అన్న ప్రతి బిడ్డకూ వ్యాకరణం వచ్చేసినట్టు కాదు. విడదీయకుండా ముద్దగా నేర్చుకున్న ఒక్క మాటా, లేక వాడు 'తినను', 'ఇవ్వను' అని కూడా అంటున్నాడా అన్నది అసలు తేల్చవలసిన ప్రశ్న. తెలుగు రాని మనిషికి ఈ ప్రశ్న వేయాలని కూడా తోచదు. పిల్లల మాటల జాబితాల్లో బాగా వాడుకలో ఉన్న మెకార్థర్-బేట్స్ జాబితాను రూపొందించినవారే, దాన్ని వేరే భాషలోకి మక్కికి మక్కి దించరాదని, ఆ భాష తీరును బట్టి కొత్తగా కట్టాలని చెబుతారు. మనం దించను కూడా దించకుండా ఇంగ్లీషు అట్టలే చూపిస్తున్నాం.

అవతలి వాదన ఏమిటో నాకు తెలుసు. థెరపీ సామగ్రి ఇంగ్లీషులోనే దొరుకుతుంది, రేపు చేరే ప్లేస్కూలు ఇంగ్లీషుదే, తల్లిది తెలుగు, తండ్రిది హిందీ, ఆయాది ఒడియా అయిన ఇంట్లో బరువు తగ్గించడం మంచిదే కదా అంటారు. బరువు తగ్గించాలనే అనుకుందాం. అప్పుడైనా బిడ్డను పెంచే మనుషులకు బాగా వచ్చిన భాషను ఉంచి, రాని దాన్ని తీసేయాలి. మనవాళ్లు సరిగ్గా తలకిందులుగా చేస్తున్నారు.

ఎందుకు చేస్తున్నారన్నది భాషా శాస్త్రంలో దొరికే జవాబు కాదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి జీవో 81 ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు మనం ఒకటో తరగతి గురించి వాదించుకున్నాం. నగరాల్లో చాలా ఇళ్లలో ఇంగ్లీషే అన్న తీర్పు బిడ్డ ఏడాదిన్నరకే వచ్చేసింది. తెలుగు ఆపాలన్న కోరిక తల్లిదండ్రుల్లో ముందే ఉంది, నిపుణుడు దానికి వైద్యం ముద్ర వేశాడంతే. అదే ప్రభుత్వం వైపు చూస్తే, అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు వెళ్లే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) బృందాలు మాట ఆలస్యమైన బిడ్డలను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. ఆ కేంద్రాల్లో లోటుపాట్లు లేవని కాదు గానీ, అంగన్‌వాడీ గుమ్మంలో ఎవరూ 'తెలుగు మానేయండి' అనరు, అంటే ఆ తల్లికి ఇక మాట్లాడటానికి భాషే మిగలదు. ఇదే హైదరాబాదులో, నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారిలో ఆ జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయని 2013లో ప్రచురించింది. అది ముసలివారి సంగతి, పసివారిది కాదు, కారణం మీద చర్చ ఇంకా ఉంది. అయినా ఆ ఊళ్లోనే రెండో భాషను రోగంలా చూడటం వింతగానే ఉంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఈ విషయంలో చేతిలో చట్టమే ఉంది. మూడేళ్లలోపు పిల్లలకు అక్కడి వైకల్య విద్యా చట్టం కింద పరీక్ష ఉచితం, పేరు నమోదైన 45 రోజుల్లో జరగాలి, వీలైనంతవరకు బిడ్డ సొంత భాషలో చేయాలి. తెలుగు దుబాసీ కావాలని అడగడానికి మొహమాటపడి, ఇంగ్లీషులోనే కానిచ్చేసి, వచ్చిన మార్కులు చూసి కుమిలిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ రెండో అభిప్రాయానికి వెళ్లేవారు ఎదుటి వ్యక్తికి, ఇలాంటి నిపుణులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు ఉందో లేదో ముందు చూసుకోవాలి. బోర్డు మీద 'స్పీచ్ థెరపీ' అని రాసిన ప్రతి గదిలోనూ అది ఉండదు. వినికిడి పరీక్ష ఇప్పుడు మళ్లీ చేయించాలి. బిడ్డ పేరు పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆ సంగతి మొదటి నిమిషంలోనే చెప్పాలి, ఆటిజం పరీక్షను భయపడి వాయిదా వేయకూడదు. ఇంట్లో రాసుకున్న మాటల జాబితాను, కాకి, బువ్వలతో సహా, బల్ల మీద పెట్టాలి. ఎక్కువసేపు బిడ్డతో గడిపే అమ్మమ్మనో తాతయ్యనో వెంట తీసుకెళ్లాలి. ఆ గదిలో బిడ్డతో వాళ్లు మాట్లాడుతుంటే వినని నిపుణుడి దగ్గర మూడో అభిప్రాయం గురించి ఆలోచించడానికి మొహమాటం అక్కర్లేదు.