ఏటీ టైరు రెంటికీ చెడ్డ రేవడేనా?

వానలు మొదలయ్యాయంటే వాట్సాప్‌లో ఆ ఫార్వర్డ్ కూడా మొదలవుతుంది. ఈసారి నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. చాలదన్నట్టు మా బావమరిది విడిగా ఇంకోసారి పంపాడు. సారాంశం ఇది: "పికప్ కొన్నవాడు మొదట చేయాల్సిన పని కంపెనీ టైర్లు పీకేసి మడ్ టైర్లు వేయించడం. మడ్ టైరుంటే బండి ఎక్కడా దిగబడదు. గుబ్బలు పెద్దవి కాబట్టి వానలో రోడ్డు మీద కూడా అదే సేఫ్. సైజు ఒకటి పెంచితే ఇంకా మంచిది. మోత వారంలో అలవాటైపోతుంది, మైలేజీ ఏమీ పడదు. పంక్చర్ మాటే ఉండదు. ఏటీ టైరు రెంటికీ చెడ్డ రేవడి." కింద బురద చిమ్ముకుంటూ పోయే హైలక్స్ వీడియో ఒకటి.

ఇక్కడ పికప్ అంటే కూరగాయలు, సిమెంటు బస్తాలు మోసే బళ్లు కావు. ఇంటి కారులాగా రోజూ తిరిగే ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్‌ల గురించి మాట్లాడుతున్నాం. ఏటీ అంటే ఆల్ టెరైన్, తారు మీదా మట్టిలోనూ నడిచేలా చేసిన టైరు. వీ-క్రాస్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. నాదీ అదే బండి. గుంటూరు, నరసరావుపేట మధ్య రోజూ తిరుగుతాను, చేలోకి వారానికి రెండు సార్లు వెళ్తాను. మొదటి టైర్లు అరిగాక ఇలాంటి మాటే విని మడ్ టైర్లు వేయించాను, అదీ సైజు పెంచి. కాబట్టి ఈ జవాబులో సగం నా జేబులోంచి పోయిన డబ్బుతో నేర్చుకున్నదే.

మొదటి మాట, "ఎక్కడా దిగబడదు."

మడ్ టైరుకి గుబ్బలు పెద్దవి, వాటి మధ్య సందులు వెడల్పు. చక్రం తిరుగుతుంటే సందుల్లో పట్టిన బురద విదిలించుకుపోవాలి. అప్పుడే తర్వాతి చుట్టులో గుబ్బ మళ్లీ కరుచుకుంటుంది. విదిలించుకోవాలంటే చక్రం కాస్త జోరుగా తిరగాలి, కింద ఎక్కడో గుబ్బకి అందేంత లోతులో గట్టి నేల ఉండాలి. పైన జానెడు బురద, దాని కింద గట్టి మొరం ఉన్న ఎర్రనేల డొంకలో మడ్ టైరు నిజంగా మొనగాడే. ఆ విషయంలో ఫార్వర్డ్ రాసినాయనతో నాకు పేచీ లేదు.

నల్లరేగడి కథ వేరు. ఆ మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, జిగురులా పట్టేస్తుంది. మా వైపు నాలుగడుగులు తవ్వినా అదే నలుపు తగిలే చేలున్నాయి, కాబట్టి గుబ్బ అందుకోవడానికి గట్టి నేలంటూ దొరకదు. సందుల్లో పట్టిన రేగడి ఎంత తిప్పినా రాలదు. నాలుగు చుట్లు తిరిగేసరికి మడ్ టైరూ గుండు టైరూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు రెచ్చిపోయి యాక్సిలరేటర్ తొక్కితే ఆ గుబ్బలే పారల్లా తవ్వి బండిని పొట్ట ఆనేదాకా దించేస్తాయి. పొట్ట నేలకి ఆనాక టైరు మీద బరువే ఉండదు, ఇక అది చేయగలిగింది ఏమీ లేదు.

పోయినేడాది వానల్లో పత్తి చేను పక్క డొంకలో నాకు సరిగ్గా ఇదే జరిగింది. ట్రాక్టరు తెచ్చి లాగిన పెద్దాయన గొలుసు విప్పుతూ అన్నాడు: "ఆ టైర్లకి పెట్టిన డబ్బులేవో నాకిచ్చుంటే నాలుగేళ్లు ఊరికే లాగిపెట్టేవాణ్ణి గదా అబ్బాయ్."

ఆ ట్రాక్టరు సంగతే చూడండి. దాని వెనక టైరు గుబ్బ ముందు మన మడ్ టైరు గుబ్బ ఎంత? అయినా వరి మడిలో దమ్ము చేయాలంటే దానికి కూడా ఇనప కేజ్ వీల్స్ తగిలిస్తారు. గుబ్బ పెద్దదైతే చాలు అనుకునేవాళ్లు ఒక్కసారి నాట్ల కాలంలో డెల్టా వైపు పోయి చూసి రావాలి.

ఇసుకలో ఇంకా తిరకాసు. సూర్యలంక తీరంలో టైరు తవ్వకూడదు, పైపైన తేలాలి. గాలి 15–18 పీఎస్ఐకి దించితే టైరు పొడవుగా పరుచుకుని బరువు పంచుకుంటుంది. ఫుల్లుగా గాలి కొట్టిన మడ్ టైరు కంటే గాలి తీసిన కంపెనీ టైరే అక్కడ నయం. తిరిగి తారెక్కేముందు మళ్లీ గాలి కొట్టుకోవాలి. తక్కువ గాలితో స్పీడుగా పోతే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, మడత పడీ పడీ వేడెక్కి పేలిపోతుంది. బండిలో చిన్న పంపు, లాగే పట్టీ, ఒక పార ఉంటే మడ్ టైర్లకంటే ఎక్కువసార్లు గట్టెక్కిస్తాయి.

ఇంకో సంగతి. వీ-క్రాస్‌లో టూ వీల్ డ్రైవ్ మోడల్ కూడా ఉంది. ట్రే ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు తక్కువ. వెనక చక్రాలు రెండిటినీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక ఉంటుంది, డిఫరెన్షియల్ అంటారు. దానికి లాకు లేకపోతే పట్టు లేని చక్రమే గిరగిరా తిరుగుతుంది, రెండోది ఊరికే చూస్తూ నిలబడుతుంది. ఆ బండికి ఏ టైరు వేసినా ఈ రోగం కుదరదు.

"వానలో రోడ్డు మీద కూడా అదే సేఫ్." అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇది, ఎందుకంటే ఇందులో కొంచెం నిజం ఉంది. రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట టైరు నీటి పైకి తేలిపోకుండా ఉండాలంటే నీళ్లు పక్కలకి పోవడానికి దారి కావాలి. కొత్త మడ్ టైరు సందుల్లో ఆ దారి దండిగా ఉంటుంది. కానీ మనం వానలో నడిపేది ఎక్కువగా నీళ్లు నిలిచిన రోడ్డు మీద కాదు, పలచగా తడిసిన తారు మీద. అక్కడ లెక్క మారిపోతుంది. తారుకి తగిలే రబ్బరు ఎంత అన్నది ముఖ్యం. మడ్ టైరులో సందులే ఎక్కువ, కాబట్టి తగిలే రబ్బరు తక్కువ. పైగా రోడ్డు టైరు గుబ్బల మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలుంటాయి, సైపింగ్ అంటారు. ఆ అంచులే తడి పొరని తుడిచి తారుని పట్టుకుంటాయి. మడ్ టైరు మీద అవి ఉంటే గింటే నామమాత్రం. ఎత్తుగా ఉన్న గుబ్బ గట్టి బ్రేకుకి వంగుతుంది కూడా. ఎండాకాలం అంతా దుమ్మూ నూనే పట్టిన రోడ్డు మీద తొలకరి పడ్డ రోజు, చిలకలూరిపేట హైవేలో ముందు లారీ సడన్‌గా ఆగితే ఈ తేడా అంతా కాలి కింద తెలుస్తుంది. నాకు తెలిసింది. గుద్దలేదు గానీ ఆ తర్వాత చాయ్ తాగేదాకా చెయ్యి వణుకు తగ్గలేదు.

యూరప్‌లో కారు టైరు అమ్మాలంటే తడి రోడ్డు మీద పట్టు ఎంతో గ్రేడు వేసి లేబుల్ అంటించాలి. పీఓఆర్ అనే ముద్ర ఉన్న ఆఫ్‌రోడ్ టైర్లకు ఆ లేబుల్ నుంచి మినహాయింపు ఉంది. చాలా మడ్ టైర్ల సైడ్‌వాల్ మీద ఆ మూడక్షరాలు మీకు కనిపిస్తాయి. మన కేంద్రం కూడా 2022లో టైర్లకు మూడు విషయాల్లో ప్రమాణాలు తెచ్చింది: దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, తడి పట్టు, మోత. ఫార్వర్డ్ రాసినాయన పట్టించుకోనక్కర్లేదన్నవి సరిగ్గా ఈ మూడే.

సైజు సంగతికి వస్తే కాస్త లెక్క చేయాలి. నా బండికి కంపెనీ టైరు 255/60 ఆర్18. అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 60 శాతం, అంటే 153. రిమ్ము 18 అంగుళాలు, అంటే సుమారు 457. మొత్తం టైరు ఎత్తు 763 మిల్లీమీటర్లు. నేను వేయించింది 265/65 ఆర్18. దాని ఎత్తు 802. ఇంత చేసి బండి లేచింది ఎంత? ఆ తేడాలో సగమే, రెండు సెంటీమీటర్లు కూడా లేదు. దానికి బదులుగా పోయినవి చూడండి. మీటరు 80 చూపిస్తే అసలు స్పీడు 84 అయ్యింది. కంపెనీ మీటర్లు మామూలుగా కొంచెం ఎక్కువే చూపిస్తాయి కాబట్టి ఇందులో కొంత కొట్టుకుపోతుందనుకోండి. బండి లాగుడు తగ్గి గేరు మాటిమాటికీ దించాల్సి వచ్చింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల ప్లాస్టిక్‌కి టైరు రాసుకునేది. స్టెప్నీ పాత సైజుదే. పంక్చరై అది వెనక వేస్తే ఒక పక్క పెద్ద చక్రం, ఒక పక్క చిన్న చక్రం, డిఫరెన్షియల్‌కి తిన్నగా పోయే రోడ్డులో కూడా పనే. ఆ అవతారంలో ఫోర్ వీల్ డ్రైవ్ వేసి తారు మీద నడిపితే సామాను పాడవుతుంది.

చట్టం సంగతి ఆ ఫార్వర్డ్‌లో అసలు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో చెప్పింది. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద, ఓనర్ మాన్యువల్‌లో ఉన్న సైజులు దాటితే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి మీరే ఒక సాకు అందించినట్టు. సైజుతో పాటు పక్కనే ఉండే అంకె, అక్షరం కూడా చూడండి. 112 అంటే ఒక టైరు 1120 కిలోలు మోస్తుంది. క్యూ అంటే గంటకి 160 కిలోమీటర్ల వరకే. మడ్ టైర్ల మీద ఎక్కువగా కనిపించేది ఈ క్యూనే.

ఇక మైలేజీ. నాకు 12 వచ్చేది, మడ్ టైర్లు వేశాక మీటరు లెక్కన పదిన్నరకి పడింది. గుండె ఆగినంత పనైంది. తర్వాత వెలిగింది: టైరు పెద్దదైంది కాబట్టి బండి తిరిగిన దూరాన్ని మీటరు 5 శాతం తక్కువ లెక్కపెడుతోంది. సరిచేస్తే 11. కాబట్టి నేను భయపడినంత లేదు, ఫార్వర్డ్ చెప్పినట్టు సున్నా కూడా కాదు. నెలకి 1500 కిలోమీటర్లు తిరిగే నాకు అది సుమారు 11 లీటర్ల డీజిల్. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. టైరు ఒక్కోటి నాలుగైదు కిలోలు ఎక్కువ బరువు, ఆ గుబ్బలు ప్రతి చుట్టులో వంగి లేవడానికి ఇంజనే ఖర్చు పెట్టాలి.

మోత అలవాటవుతుందట. నాకైతే కాలేదు, మా ఆవిడకి అసలు కాలేదు. మొదట్లో సన్నగా ఉండేది, పదివేల కిలోమీటర్లు దాటాక హెలికాప్టర్ అయ్యింది. తారు మీద గుబ్బలు ఒక అంచున రంపంలా అరుగుతాయి, టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటూ ఉండకపోతే మరీను. నేను మార్పించలేదు. ఆ తప్పు నాదే.

పంక్చర్ గురించి రెండు ముక్కలు. రాళ్ల మీద సైడ్‌వాల్ చీలకుండా మందంగా కట్టిన మాట నిజం. కానీ మనకి పంక్చర్లు వచ్చేది మేకులవల్ల, సర్కారు తుమ్మ ముళ్లవల్ల, అవి దిగేది అడుగున. గుబ్బకి దిగితే బతికిపోతాం, సందులో దిగితే అక్కడ రబ్బరు పలచన. మడ్ టైరులో సందులే కదా ఎక్కువ. అదే మందం సైడ్‌వాల్‌తో ఏటీ టైర్లు కూడా దొరుకుతాయి, వాటి మీద ఎల్‌టీ (లైట్ ట్రక్) అని ఉంటుంది.

చివరిది, ఆ రేవడి మాట. ఏటీ నిన్నా మొన్నా పుట్టింది కాదు, బీఎఫ్ గుడ్‌రిచ్ రేడియల్ ఏటీ టైరుని 1976లోనే తెచ్చింది. ఏటీలన్నీ ఒకటి కావు. కొన్ని దాదాపు రోడ్డు టైర్లే, కొన్ని మడ్ టైరుకి తమ్ముళ్లు. ఎంప్లస్ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న ముద్ర చూసి మోసపోకండి. అది గాడుల ఆకారాన్ని బట్టి వేసుకునేది, బురదలో పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. టైరుని చేత్తో తడిమి చూడండి: నడుమ గుబ్బలు దగ్గరగా ఉన్నాయా, సన్నటి కోతలున్నాయా, భుజాల దగ్గర సందులు కాస్త తెరిచి ఉన్నాయా. నూటికి తొంభై కిలోమీటర్లు తారు మీద తిరిగే బండికి ఇలాంటిది కంపెనీ సైజులో చాలు. నేనిప్పుడు అదే వేసుకున్నాను. పోయిన నెల అదే డొంకలో, వాన వెలిసిన రెండో రోజు, గాలి 22 పీఎస్ఐకి దించి, ఫోర్ వీల్ డ్రైవ్‌ని తక్కువ స్పీడు గేరులో (ఫోర్ లో అంటారు) పెట్టి మెల్లగా వచ్చేశాను. వాన పడే రోజు మాత్రం బండి రోడ్డు మీదే ఆపి చేలోకి నడిచి వెళ్తున్నాను.

మడ్ టైరు ఎవరూ వేయించకూడదని కాదు. ఆకివీడు దగ్గర నా స్నేహితుడికి రొయ్యల చెరువులున్నాయి. వానాకాలమంతా రాత్రీ పగలూ బంకమట్టి గట్ల మీదే తిరుగుడు, మేత బస్తాలతో ట్రే ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆయన హైలక్స్‌కి మడ్ టైర్లే, కంపెనీ సైజులోనే. వద్దని నేనెప్పుడూ అనలేదు. హైదరాబాద్‌లో పెళ్లికి మాత్రం వాళ్లావిడ కారులో వస్తాడు.